పుస్తకాల ముచ్చట: నల్లగొండ, పాలమూరు గురించి ఇవి మీకు తెలుసా?

నచ్చిన పుస్తకం గురించి ఇద్దరు కూర్చుని మాట్లాడుకుని, ఆ మాటల్ని రికార్డు చేసి నలుగురికీ వినిపిస్తే దాన్ని ఇప్పుడు పాడ్‌కాస్ట్ అంటున్నాం. తెలంగాణలో ఆ పనికి ఎప్పటినుంచో ఒక పేరుంది: ముచ్చట. చెప్పేవాళ్ల దగ్గర సంగతి, వినేవాళ్ల దగ్గర కాస్త తీరిక ఉంటే చాలు, ముచ్చట సాగుతుంది. ఆ సంగతులకు నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో కొదవే లేదు. ఒకదానికి ఫ్లోరైడ్ నీళ్ల జిల్లా అని, ఇంకోదానికి వలస కూలీల జిల్లా అని పేరు పడిపోయింది. తెలుగు పుస్తకానికి ఈ రెండు జిల్లాలు చేసిన సేవ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. 2016లో జిల్లాలు చీలి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరు పడ్డాయి. ఇక్కడ పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే చెప్పుకుందాం.

1. పాడ్‌కాస్ట్ అనే మాట వయసెంతో మీకు తెలుసా?

పాతికేళ్లు కూడా లేవు. 2004లో బ్రిటన్ పత్రిక ‘గార్డియన్’లో బెన్ హామర్‌స్లీ అనే విలేకరి ఐపాడ్‌లోని ‘పాడ్’ని, బ్రాడ్‌కాస్ట్‌లోని ‘కాస్ట్’ని కలిపి ఈ పేరు పెట్టాడు. ఆ ఒరవడి తెలుగు పుస్తకాలకూ బాగా అచ్చొచ్చింది. కాలిఫోర్నియాలో ఉంటూ 2007 జనవరి నుంచి ‘కౌముది’ పత్రిక నడుపుతున్న కిరణ్‌ప్రభ రచయితల మీద, పుస్తకాల మీద వందలాది ప్రసంగాలు రికార్డు చేశారు. ‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్ తెలుగు కథలు వినిపిస్తూ, రచయితలతో, అనువాదకులతో తీరుబడిగా మాట్లాడిస్తోంది. ‘దాసుభాషితం’ యాప్‌లో పుస్తకాలకు పుస్తకాలే వినొచ్చు. చదివే తీరిక లేనివాళ్లకు వినే దారి దొరికింది. ఆ దారిన మన రెండు జిల్లాల నుంచి ఏమేం పంపవచ్చో ఇక చూద్దాం.

2. చెవి కోసమే పుట్టిన రామాయణం పాలమూరు నేల మీదిదని మీకు తెలుసా?

‘రంగనాథ రామాయణం’ రాసిన గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దపు కవి. కాకతీయుల కింద వర్ధమానపురం కేంద్రంగా ఏలిన గోన వంశం ఆయనది. ఆ వర్ధమానపురమే నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాన్. ఆయన ఎంచుకున్నది ద్విపద. రెండేసి పాదాలుగా నడిచే ఈ ఛందస్సు పాడటానికి తేలిక, గుర్తుపెట్టుకోవడానికి ఇంకా తేలిక. చదువు రానివాళ్లు కూడా విని నేర్చుకోగలిగారు. తోలుబొమ్మలాట ఆడేవాళ్లు ఈ రామాయణాన్నే తెర వెనక పాడుకున్నారు. ఉత్తరకాండను ఆయన కొడుకులు కాచవిభుడు, విఠలరాజు పూర్తిచేశారు. కంటికంటే ముందు చెవిని నమ్ముకున్న పుస్తకమిది. ఏడువందల ఏళ్లకు పైగా నిలిచింది.

3. ఒకే మండలంలో మూడు రకాల సాహిత్యం ఉందని మీకు తెలుసా?

నంది వడ్డెమాన్ ఉన్నది బిజినేపల్లి మండలంలో. కథారచయిత్రి పాకాల యశోదారెడ్డి 1929లో పుట్టింది ఆ బిజినేపల్లిలోనే. ఆమె కథల సంపుటి పేరు ‘మా ఊరి ముచ్చట్లు’, 1973లో వచ్చింది. పాలమూరు ఇళ్లల్లో ఆడవాళ్లు మాట్లాడుకునే భాషను, సామెతలతో, నుడికారంతో సహా ఆమె అచ్చులోకి తెచ్చారు. పండితురాలిగా హరివంశాల మీద పరిశోధన చేసిన మనిషి, అధికార భాషా సంఘానికి అధ్యక్షురాలిగా పనిచేసిన మనిషి, కథ దగ్గరికి వచ్చేసరికి అమ్మమ్మల గొంతునే నమ్ముకున్నారు. ఆ కథల్ని పాలమూరు గొంతుతో పైకి చదివితేనే వాటి రుచి పూర్తిగా తెలుస్తుంది.

అదే మండలంలో పాలెం ఉంది. అక్కడి ప్రాచ్య కళాశాలలో పాఠాలు చెప్పిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) ఊరూరా తిరిగి గుళ్ల చరిత్రలు, స్థలపురాణాలు, మరుగునపడ్డ కవుల వివరాలు సేకరించారు. ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’ ఆయన కాళ్లరిగేలా తిరిగి రాసిన పుస్తకం.

4. తెలుగు సినిమా హీరో వేసిన పాత్ర వెనక ఈ జిల్లా ఉందని మీకు తెలుసా?

2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ చిత్రంలో అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డి ఈ వర్ధమానపురం గోన వంశం వాడే. అంతకు చాలా ముందే అడవి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ పేరుతో చారిత్రక నవల రాశారు. సినిమా చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. వాళ్లకు నవల సంగతి, నవల వెనకున్న ఊరి సంగతి చెప్పేవాళ్లు కావాలి.

5. రాజే శాస్త్రగ్రంథం రాసిన కోట నల్లగొండలో ఉందని మీకు తెలుసా?

రాచకొండ గుట్టల్లో కోట కట్టుకుని ఏలిన రేచర్ల పద్మనాయకుల్లో సర్వజ్ఞ సింగభూపాలుడు ఒకడు. నాటకం, రసం, అభినయం ఎలా ఉండాలో వివరించే ‘రసార్ణవ సుధాకరం’ అనే సంస్కృత గ్రంథం ఆయన పేరిట ఉంది. కాలం 14వ శతాబ్దం. ఇప్పుడా కోటకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఎక్కడానికి, ఫొటోలకు వెళ్తున్నారు. ఈసారి వెళ్తే ఆ పుస్తకం పేరు కూడా ఒకసారి తలుచుకోండి.

6. ఒక్క కావ్యంలో మూడు కథలు చెప్పిన కవి మనవాడని మీకు తెలుసా?

పాలమూరులో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు (కొల్లాపురం), గోపాలుపేట సంస్థానాలు ఉండేవి. జటప్రోలు ఆస్థానంలో వెలిగిన ఎలకూచి బాలసరస్వతి ‘రాఘవ యాదవ పాండవీయం’ రాశాడు. అదే పద్యం ఒకలా చదివితే రాముడి కథ, ఇంకోలా చదివితే కృష్ణుడి కథ, మరోలా చదివితే పాండవుల కథ. అదే సంస్థాన ప్రభువు సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయం’ రాశాడు. గద్వాలను ‘విద్వద్గద్వాల’ అని పండితులే పిలుచుకున్నారు. తిరుపతి వేంకట కవులు కూడా గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలకు వచ్చి తమ విద్య చూపించారు. సభలో కూర్చుని పద్యం వినడం, నచ్చకపోతే అక్కడే తప్పు పట్టడం, నచ్చితే అక్కడే మెచ్చడం అప్పటి ముచ్చట. అయితే ఆ సభ వాకిలి అందరికీ తెరిచి ఉండేది కాదు. వాకిళ్లు తెరిచే పని తర్వాతివాళ్లు చేశారు.

7. తెలుగు విజ్ఞాన సర్వస్వానికి మునగాల అండ ఉందని మీకు తెలుసా?

మునగాల పరగణా ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. అప్పట్లో చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, ఈ ఒక్క ముక్కా బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లా కింద ఉండేది. ఆ సంస్థాన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. చిన్నప్పుడు ఆయన చదువుకున్నది భువనగిరిలో. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు వంటి వారితో కలిసి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి నెలకొల్పారు. మండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఉండాలని పట్టుబట్టి పని మొదలుపెట్టింది కూడా లక్ష్మణరావే.

ఆయన అక్క భండారు అచ్చమాంబ. తమ్ముడికి పాఠాలు చెబుతుంటే విని చదువు పట్టుకున్నారు. 1902లోనే ‘ధనత్రయోదశి’ కథ రాశారు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. తొలి తెలుగు కథ ఏది అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ అక్క పేరు చెప్పుకోవాలి.

8. నల్లగొండ సొంత తెలుగు పత్రిక ఎప్పుడు మొదలైందో మీకు తెలుసా?

1922 ఆగస్టు 24న. పేరు ‘నీలగిరి’. సంపాదకుడు షబ్నవీసు వెంకట రామ నరసింహారావు. మూడు రోజుల తర్వాత ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’ వచ్చింది. అంతకు ముందే, 1918లో, నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం, సూర్యాపేటలో ఆంధ్ర విజ్ఞాన ప్రకాశినీ గ్రంథాలయం వెలిశాయి. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ ఉన్న రోజులవి. సభ పెట్టాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు కూడా వచ్చింది. అలాంటప్పుడు నలుగురు తెలుగువాళ్లు ఒకచోట కూర్చుని చదువుకోవడానికి గ్రంథాలయమే చావడి అయింది.

9. ‘ఇక్కడ కవులు లేరు’ అన్న మాటకు 354 పేర్లతో జవాబు వచ్చిందని మీకు తెలుసా?

ఈ సంగతి దగ్గర కాసేపు ఆగుదాం. సురవరం ప్రతాపరెడ్డి 1896లో బోరవెల్లిలో, తల్లిగారింట పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. రెండూ పాలమూరులోని ఆలంపురం సీమ ఊళ్లే. 1926 మే 10న ఆయన సంపాదకత్వంలో హైదరాబాద్ నుంచి ‘గోలకొండ పత్రిక’ వచ్చింది. వనపర్తి దగ్గరి రాయణిపేటలో పుట్టి హైదరాబాద్ కొత్వాల్ అయిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి నెలకొల్పిన రెడ్డి హాస్టల్‌లోనూ ప్రతాపరెడ్డి పనిచేశారు.

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నట్టుగా ఒక వ్యాసం వెలువడింది. ప్రతాపరెడ్డి కోపంతో సంపాదకీయం రాసి ఊరుకోలేదు. జిల్లాల్లో ఎవరెవరు పద్యాలు రాస్తున్నారో వెతికి, వాళ్ల పద్యాలు, జీవిత వివరాలు తెప్పించుకుని 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. అచ్చులో తమ పేరు ఎన్నడూ చూసుకోని పల్లెటూరి కవులకు అక్కడ చోటు దొరికింది. తెలంగాణ సాహిత్య చరిత్ర రాసేవాళ్లెవరైనా ఈనాటికీ ఆ సంచికను పట్టుకునే ముందుకు నడుస్తారు.

వాదన గెలవడానికి గొంతు పెంచాల్సిన పని లేదని, ఓపికగా పేర్లు పోగుచేస్తే చాలని ఆ సంచిక చూపించింది. ఒక్కో కవికి ఒక్కో భాగం చొప్పున ముచ్చట పెట్టినా, వారానికి ఒకటిగా ఆరేడేళ్లు సాగే సరుకు అది.

10. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఎవరికి వచ్చిందో మీకు తెలుసా?

సురవరం వారికే. 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో అవార్డు ప్రకటించారు. అప్పటికి ఆయన లేరు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికై, 1953 ఆగస్టులో కన్నుమూశారు. రాజుల యుద్ధాలను పక్కనబెట్టి, మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పండగలు చేశారు అని ఆ పుస్తకం విచారిస్తుంది. ఆధారాలన్నీ చాలావరకు కావ్యాల్లోనే వెతికారు. పాల్కురికి సోమన నుంచి ‘హంసవింశతి’ దాకా, ఒక చదువరి తాను చదివిన పుస్తకాలన్నిటితో చేసిన సంభాషణే ఆ చరిత్ర.

ఇంకో విషయం. అదే ఆలంపురం సీమలో బతికిన గడియారం రామకృష్ణ శర్మ (1919–2006) ఆత్మకథ ‘శతపత్రము’కు 2007లో అదే అవార్డు వచ్చింది. అప్పటికి ఆయనా లేరు. ఇద్దరికీ అవార్డు తెచ్చినవి వచన గ్రంథాలే, ఇద్దరూ దాన్ని చేతితో అందుకోలేకపోయారు. రాసేవాళ్లను బతికుండగానే పలకరించాలని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

11. కాళోజీ ‘నా గొడవ’ ఎక్కడ వెలుగు చూసిందో మీకు తెలుసా?

ఆలంపురంలో. 1953 జనవరిలో అక్కడ ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. నడుం కట్టి వాటిని జరిపించింది పైన చెప్పిన గడియారం రామకృష్ణ శర్మ. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలకు వచ్చారు. అక్కడే శ్రీశ్రీ చేతుల మీదుగా కాళోజీ పుస్తకం విడుదలైంది. తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ గుళ్లు చూడటానికి వెళ్లేవాళ్లు ఈ ముచ్చట కూడా మూటగట్టుకుని రావచ్చు.

12. హోటల్లో పనిచేసిన పిల్లవాడు ప్రచురణకర్త అయ్యాడని మీకు తెలుసా?

వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నకిరేకల్ దగ్గరి చెరువుమాదారంలో పుట్టారు. పేద ఇల్లు. ఇళ్లల్లో వంట చేశారు, హోటల్లో సర్వర్‌గా పనిచేశారు, ‘గోలకొండ పత్రిక’లో ప్రూఫులు దిద్దారు. బడి చదువు పెద్దగా లేదు, పుస్తకాల మధ్య తిరుగుతూనే చదువుకున్నారు. 1938లో ‘దేశోద్ధారక గ్రంథమాల’ స్థాపించి పుస్తకాలు అచ్చువేశారు. అచ్చువేసి గదిలో పెట్టుకోలేదు. మోసుకుంటూ ఊళ్లు తిరిగి అమ్మారు. కొనేవాడికి ఆ పుస్తకం ఎందుకు చదవాలో చెప్పడం కూడా ఆయన పనే. అరుగుల మీద, బజార్లలో ఆయన చెప్పిన ఆ మాటల్ని పట్టి ఉంచే యంత్రం అప్పుడు మనకు లేకపోయింది.

1955లో వచ్చిన ఆయన ‘ప్రజల మనిషి’ తెలంగాణ జీవితాన్ని చెప్పిన తొలి నవలల్లో ముందు నిలుస్తుంది. రెండో నవల ‘గంగు’ పూర్తికాకుండానే 1961లో ఆయన వెళ్లిపోయారు.

నిజామాబాద్ జైల్లో ఆయన, దాశరథి కృష్ణమాచార్య కలిసి ఉన్నారు. దాశరథికి కాగితం దొరక్క, బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసేవారు. పక్కన చదివి మెచ్చే స్నేహితుడు ఆళ్వారుస్వామి. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి ఆ స్నేహితుడికే అంకితమిచ్చారు. రాజులకు, జమీందార్లకు కావ్యాలు అంకితమిచ్చిన భాషలో, ఒకనాటి హోటల్ సర్వర్‌కు అంకితమైన కవిత్వమది.

13. ఒక నవల పదేళ్ల పిల్లను ఉద్యమంలోకి నడిపించిందని మీకు తెలుసా?

మల్లు స్వరాజ్యం 1931లో కరివిరాల కొత్తగూడెంలో, భూములున్న ఇంట్లో పుట్టారు. పది పదకొండేళ్ల వయసులో మాక్సిం గోర్కీ ‘అమ్మ’ చదివానని, అది తన మనసు మీద ముద్ర వేసిందని ఆమె చెప్పుకునేవారు. రష్యాలో ఒక కార్మికుడి తల్లి కథ, క్రొవ్విడి లింగరాజు తెలుగులోకి తెస్తే, సూర్యాపేట తాలూకాలో ఒక చిన్నపిల్ల చేతికి వచ్చింది. ఆ పిల్ల పెరిగి తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టింది, తర్వాత శాసనసభలో కూర్చుంది. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ను ఆమె చెబుతుంటే విమల, కాత్యాయని అక్షరాల్లో పెట్టారు. పుస్తకంతో మొదలైన జీవితం మాటగా సాగి, మళ్లీ పుస్తకంగా మారింది.

14. టేపురికార్డరు ముందు చెప్పిన మాటలు చరిత్ర గ్రంథమయ్యాయని మీకు తెలుసా?

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టుగా రికార్డు చేశారు. 1986లో ఆ మాటలే ‘మనకు తెలియని మన చరిత్ర’గా వచ్చాయి. 1989లో ఇంగ్లీషులోకీ వెళ్లాయి. అన్నం వండిపెట్టినవాళ్లు, చీటీలు చేరవేసినవాళ్లు, బిడ్డను వదిలి అడవికి పోయినవాళ్లు తమ గొంతుతో, తమ భాషలో మాట్లాడారు. పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మంటే ఎలా అనిపించిందో కూడా దాపరికం లేకుండా చెప్పారు. మంచి ముచ్చటకు కావలసిన ఓపిక ఏమిటో ఆ పుస్తకం నేర్పుతుంది: అడిగి ఊరుకోవడం, మధ్యలో అడ్డుపడకుండా వినడం, ఎదుటివాళ్ల మాటను దిద్దకపోవడం.

15. ముఖ్యమంత్రి పారశీక సాహిత్య చరిత్ర రాశారని మీకు తెలుసా?

1952 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు కల్వకుర్తి తాలూకా పడకల్లులో పుట్టారు. పారశీక వాఙ్మయ చరిత్రను తెలుగులో రాశారు. ‘సౌందర్యలహరి’ని తెలుగు చేశారు. అటు పారశీకం, ఇటు సంస్కృతం, నడుమ తెలుగు: పాలమూరు చదువు అలా ఉండేది.

16. అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు పుస్తకం ఆవిష్కరించాడని మీకు తెలుసా?

1965లో హైదరాబాద్‌లో దిగంబర కవుల తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. ఆ ఆరుగురు కవుల్లో నిఖిలేశ్వర్ భువనగిరి ప్రాంతం వాడు. అసలు పేరు కుంభం యాదవరెడ్డి. ఆయన ‘అగ్నిశ్వాస’కు 2020లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. భువనగిరిలోనే పుట్టిన ఎన్. గోపి నాలుగు పాదాల్లో, ఇరవై నుంచి పాతిక అక్షరాల్లో ముగిసే ‘నానీలు’ అనే రూపాన్ని తెలుగుకు ఇచ్చారు. ఆయన ‘కాలాన్ని నిద్రపోనివ్వను’కు 2000లో ఆ అవార్డు దక్కింది. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కు 2021లో వచ్చింది. వీళ్లందరూ మన మధ్యే రాసినవాళ్లు. వీళ్ల పుస్తకాల గురించి వీళ్లనే అడగగలిగిన కాలంలో మనం ఉన్నాం.

చివరగా, మీరు చేయగలిగింది ఏమిటో మీకు తెలుసా?

బుద్ధారెడ్డి ద్విపదను ఎంచుకున్నారు. ప్రతాపరెడ్డి 354 పేర్లు పోగుచేశారు. ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకు తిరిగారు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు టేపు పట్టుకుని ఊళ్లకు వెళ్లారు. ఒక్కొక్కరూ తమ కాలంలో దొరికిన సాధనంతో పుస్తకాన్ని మనుషుల దాకా చేర్చారు. మన కాలంలో ఆ సాధనం అందరి జేబుల్లోనూ ఉంది.

మీ ఊళ్లో పాత గ్రంథాలయం నడిపిన పెద్దాయన ఉండొచ్చు. యక్షగానం నోటికి వచ్చిన తాత ఉండొచ్చు. ‘అమ్మ’ నవల చదివి ఏడ్చిన అవ్వ ఉండొచ్చు. ఈ ఆదివారం ఫ్యాను ఆపి, కిటికీ మూసి, ఫోను వాళ్ల దగ్గరగా పెట్టి ఒక్క ప్రశ్న అడగండి: “మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది, అది మీ చేతికెట్లా వచ్చింది?” తర్వాత వినండి. రికార్డుకు వాళ్ల పేరు, ఊరు పేరు, తేదీ పెట్టి, వాళ్ల అనుమతి తీసుకుని నలుగురికీ పంపండి. ఆళ్వారుస్వామి గొంతు మనకు మిగల్లేదు. మీ ఊరి పెద్దల గొంతు మిగిలేలా చూడటం మీ చేతిలో ఉంది.